నీళ్లడగని తోట

పొద్దున బడికి తయారవుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే మిర్యాలగూడ నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదే," అన్నాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా చెప్పాడు. వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. ఆయనే మళ్లీ, "జల్ది రా. స్నానం తోటల్నే చేపిద్దాం అనుకుంటున్నం. ఆ జాగంటే అమ్మకు పానం కదా," అన్నాడు.

చెప్పొద్దూ, మొదటి మాటకు వచ్చిన ఏడుపు రెండో మాటకు ఆగిపోయింది.

"బావా, తోటల వద్దు. నేనొచ్చేదాక గాడ ఒక్క చుక్క నీళ్లు పడొద్దు," అన్నాను.

"ఏందే, పిచ్చి లేసిందా నీకు? పోయిన మనిషికి నీళ్లు పోయకుంట ఎట్ల తీస్కపోతరు?" అన్నాడు. అటు ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. చావింట్లో ఫోన్ ఎవరెత్తుతారు? మా ఆయన్ను కారు తీయమని, ఉన్న చీర మీదే బయల్దేరాను.

పోయింది మా మేనత్త, నాన్నకు అక్క. సూర్యాపేటలో పుట్టి మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉన్న ఇంటికి కోడలుగా వెళ్లింది. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "కోడలా" అనేది. కొడుక్కి వేరే పిల్లను చేసుకున్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు. ఆమె ఇంటి ముందరి తోటను మీలో కొందరు చూసే ఉంటారు. పెళ్లి కుదిరిన పిల్లలు ఫోటోలు దిగుతామని వచ్చి ఆ గేటు దగ్గర బతిమాలేవాళ్లు. తెల్లటి సున్నపురాయి కంకర పరిచిన జాగా. అందులో నిలబెట్టిన బండలతో ఒక పెద్ద గుండ్రం. గుండ్రం చుట్టూ దడి కట్టినట్టు కిత్తనార, కలబంద, నాగజెముడు. నడిమధ్యలో బోర్లించిన పాత రోలు. గేటు నుంచి వసారాకు వెళ్లే దారి తిన్నగా పోదు, ఆ గుండ్రానికి దూరంగా కుడివైపు వంపు తిరుగుతుంది. అవతల గోడ వారగా రెండు దేవగన్నేరు చెట్లు, ఒక కాగితంపూల తీగ. గడ్డి లేదు, గులాబీ లేదు, నీళ్ల పైపు లేదు. వచ్చినవాళ్లందరూ ఒకటే మాట, "ఎంత స్టైల్‌గా ఉందండీ! మెయింటెనెన్సే లేదు!" అత్తమ్మ నవ్వి ఊరుకునేది.

మెయింటెనెన్స్ లేకపోవడమేమిటి, ఆమె బతుకంతా దానికే సరిపోయింది. ఆ గుండ్రం కింద బావి ఉంది.

నేను పుట్టకముందు ఆ ఇంటికి నీళ్లిచ్చిన బావి అది. ఊళ్లోకి నల్లాలు వచ్చాక తోడేవాళ్లు తగ్గారు. తర్వాత ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి, నైరుతిలో నీళ్లుంటే ఇంటి యజమానికి గండమన్నాడు. మామయ్య దేనికీ భయపడే మనిషి కాదు గానీ గండం అనేసరికి మెత్తబడ్డాడు. బావి పూడ్చాలన్నారు. మట్టి తోలించాలి, రాళ్లు తోలించాలి. మామయ్య నవ్వాడట. "మన్ను ఎందుకయ్యా? మిల్లుల ఊక బూడిద గుట్టలు పడి ఉన్నయ్. పారబోయనీకి జాగ లేక సస్తున్నం. బావికి బావి పూడుతది, బూడిదకు బూడిద పోతది," అన్నాడట. మిల్లు నడిపేవాడికే తట్టే తెలివి అది. ఊరందరూ మెచ్చుకున్నారు కూడా. వడ్ల బస్తా తడిస్తే ఎంత బరువెక్కుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషికి, బూడిద తడిస్తే ఏమవుతుందో తట్టలేదు.

పైన బూడిద చల్లారినట్టే ఉంది, లోపల నిప్పు ఉంది. మొదటి వానకు ఆ జాగా నుంచి ఆవిరి లేచిందని అత్తమ్మ చెప్పేది. "బువ్వ కుండ మూత తీసినట్టు లేసిందే. వాన వెలిసినా ఆగలే." ఆ సంవత్సరమే మామయ్య అక్కడ కుర్చీ వేసుకుని పేపర్ చదువుతుంటే కుర్చీకాలు ఒకటి మెల్లగా దిగబడింది. ఆయన పక్కకు ఒరిగి, లేచి, పకపకా నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. వీధికుక్క ఒకటి ఆ మెత్తటి జాగాలో గోకి పడుకునేది. బాగా వాన కొట్టిన ఒక పొద్దున కుక్క లేదు, అది పడుకునే చోట కొంచెం గుంత ఉంది. "ఏడికో పోయుంటదిలే," అన్నాడట మామయ్య. ఆ కుక్క మళ్లీ ఆ వీధిలో ఎవరికీ కనిపించలేదు.

తవ్వి తీయించమని ఆమె పోట్లాడింది. మామయ్య ఉన్నంతకాలం, ఖతమైన పనిని మళ్లీ ఎత్తొద్దన్నాడు. ఆయన పోయాక కూలీలను పిలిచింది. పైకి చూసి, కిందికి చూసి, బూడిదలోకి మేం దిగమమ్మా అన్నారు. జేసీబీ అతను వచ్చి గోడ తట్టి చూసి, తవ్వితే ఇంటి గోడ వస్తుందని వెళ్లిపోయాడు. పైన స్లాబ్ పోయిస్తే పీడా పోతుంది కదా అని నేనే ఒకసారి అన్నాను. కస్సుమంది.

"స్లాబ్ ఏస్తే కింద ఏమైతుందో నాకెట్ల తెల్వాలె? కనపడని గుంత కంటే కనపడే గుంత మేలు కోడలా. కంకర అయితే దిగినప్పుడల్ల సెప్తది."

ఆ తోట పుట్టింది అట్లా. కంకర ఎందుకంటే అది దిగితే తెలుస్తుంది. రోలు ఎందుకంటే అది గుర్తు. రోలు అంచు కంకరలో ఎంతవరకు మునిగిందో చూసుకుని, తగ్గిన చోట మళ్లీ కంకర పోయించేది. బోర్లించడం ఎందుకంటే నిలబెడితే వాననీళ్లు నిలుస్తాయి. రోలు బోర్లిస్తే ఇంటికి అరిష్టమని వీధిలో ఆడవాళ్లు గుసగుసలాడేవాళ్లు. "అరిష్టం కిందున్నదమ్మా, దాని మీద మూత పెట్టిన," అనేది. వాళ్లకేం అర్థమైందో ఏమో! ముళ్లమొక్కలు ఎందుకంటే మనిషి అటు అడుగు వేయకుండా. దారికి వంపు ఎందుకంటే నడిచేవాళ్లు దూరంగా పోవడానికి. అన్నిటికంటే ముఖ్యం, ఆ మొక్కల్లో ఒక్కటీ నీళ్లడగదు. నీళ్లు పోసిన ప్రతిసారీ కింద బూడిద ఇంకో పిసరు కిందికి కుంగుతుంది. డాబా మీది వాన గొట్టాలు కూడా ఇంటికి అవతలివైపు తిప్పించింది. మబ్బు పట్టిందంటే మిల్లులో వడ్ల కుప్పల మీద కప్పే పట్టా తెచ్చి గుండ్రం మీద కప్పేది. వాన పడుతుంటే వసారాలో కూర్చుని, బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు తల్లి కూర్చున్నట్టు, అటే చూస్తుండేది.

పొద్దున్నే టీ గ్లాసుతో తోటలోకి రావడం ఆమె అలవాటు. చెప్పులు వేసుకునేది కాదు. బండల అంచున వంగి అరచేయి కంకర మీద ఆనించి, కళ్లు మూసుకుని ఉండేది. సెలవుల్లో నేను వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. ఏం తెలుస్తుంది అత్తమ్మా అంటే, "ఏం తెల్వకుంటేనే మంచిగున్నట్టు," అనేది. తర్వాత టీ తాగేది.

ఇంత గుబులు పెట్టుకున్న మనిషి ఎప్పుడూ మొహం వేలాడేసుకుని ఉండేదేమో అనుకునేరు. అబ్బే! అంత వేళాకోళం మనిషిని మా వంశంలో చూడలేదు. తన తోటకు పేరొచ్చాక సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి కూడా జనం వచ్చి, మాకూ ఇట్లాంటిది వేసిపెట్టండి అని అడిగేవాళ్లు. కారు పంపిస్తే వెళ్లేది. వెళ్లి వాళ్ల గేటు దగ్గరే ఆగి మొదట ఒకటే ప్రశ్న, "ఈ జాగల ఇంతకు ముంగట ఏముండె?" ఇల్లుగలవాళ్లు బిత్తరపోయేవాళ్లు. మొక్కల గురించి అడుగుతుందనుకుంటే ఇదేంటి? సూర్యాపేటలో ఒక డాక్టరుగారి భార్య పాలరాతి మెట్లు, నీళ్ల ఫౌంటెన్ అని పెద్ద బొమ్మ గీయించి పెట్టుకుంది. అది ఒకప్పుడు చెరువు శిఖం, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే జాగా అని ఆమె నోటితోనే చెప్పించి, ఇచ్చిన టీ తాగి, "తోట తర్వాత సంగతి బిడ్డా, ముందు ఇంటి పగుళ్లు సూపిచ్చుకో," అని వచ్చేసింది. వాళ్లకు కోపమొచ్చింది. నాకైతే కడుపుబ్బ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో మొన్న వానాకాలం వంటగది గోడ విడిచిందని విన్నాక నవ్విన నవ్వు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

మేం కోదాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు హుజూర్‌నగర్ మీదుగా బస్సులో తనే వచ్చింది, చేతిలో కలబంద పిలకలు చుట్టిన గోనెసంచీ పట్టుకుని. నేను అప్పటికి గడ్డి చాపలు, గులాబీలు, వాటికి గొట్టం, ఆ గొట్టానికి మోటారు, అన్నీ అనుకుని పెట్టుకున్నాను. గేటు దగ్గర అదే ప్రశ్న. మాది మిరపచేను, ఇంకేం లేదని మా ఆయన ప్రమాణం చేసినంత పని చేశాడు. పక్కింటి ముసలాయన్ను కూడా అడిగి రూఢి చేసుకున్నాకే చెప్పులు విప్పింది.

"నువ్వు పొద్దున బడికి పోయి పొద్దుమీకి వస్తవ్. గులాబీలకు ఎవ్వలు సాకిరి జేస్తరు? నీ మొగడా?" అంది. మా ఆయన లోపలికి జారుకున్నాడు. "నువ్వు వారం ఊరికి పోతే సచ్చే మొక్క మొక్క గాదే, సుట్టం. సుట్టాలను ఇంట్ల పెట్టుకో, తోటల పెట్టుకోకు."

ఆ రోజు ఆమె నాతో ఒక్క మొక్క కూడా నాటనివ్వలేదు. వసారాలో పీట వేసుకుని కూర్చుని, ఎండ ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో సాయంత్రం దాకా చూసింది. ఎండ నిలిచే చోట కిత్తనార, గోడ నీడలో కలబంద, మధ్యలో ఏమీ వద్దు అంది. ఏమీ వద్దంటే ఎట్లా, బోసిగా ఉండదా అని నేను గునిశాను. "ఖాళీ జాగ గూడ ఒక మొక్కనే. దానికి నీళ్లు అక్కర్లే, పురుగు పట్టదు, కంటికి సల్లగుంటది. తీరుతీరుల మొక్కలు తెచ్చి పెడితే సంతలెక్కుంటది. మూడు రకాలు చాలు, గుంపులు గుంపులు పెట్టు," అంది. మరునాడు రాయి కోసం నన్ను మేళ్లచెరువు వైపు తీసుకెళ్లింది. సిమెంటు లారీలు పోయే దారి పొడవునా చెట్ల ఆకులన్నీ తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. ఆటో ఆపించి, ఆ దుమ్ములో పచ్చగా నిలబడ్డ జెముళ్లను చూపించింది. "సూడు, వీటికి ఎవ్వలు నీళ్లు పోస్తుండ్రు? ఎవ్వలు లాలపోస్తుండ్రు? గివ్వే మనయ్." ఆ మాట అంటుంటే దూరంగా క్వారీలో రాయి పేల్చారు. కాళ్ల కింద నేల కొంచెం అదిరింది. నేను పట్టించుకోలేదు. ఆమె మాత్రం నా చేయి గట్టిగా పట్టుకుని, అదురు తగ్గేదాకా వదల్లేదు.

నా తోట చూసి ఇప్పుడు మా వీధిలో ముగ్గురు అట్లాగే వేయించుకున్నారు. నేను నీళ్లు పోసేది ఎప్పుడో పదిహేను రోజులకొకసారి. ఆ తీరికంతా ఆమె పెట్టిన భిక్ష.

నాకు పని అప్పజెప్పింది మాత్రం ఈ ఎండాకాలంలో. బావకు ఆ ముళ్లతోట మీద ఎప్పటినుంచో చిరాకు. చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. ఆమె పెద్దదైంది, సాయంత్రాలు మెత్తటి పచ్చగడ్డి మీద కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆయన ముచ్చట. గడ్డికి నీళ్లు చిమ్మే పైపులు కూడా తెచ్చి కారు షెడ్డులో చుట్ట చుట్టి పెట్టాడు. "అమ్మా, నాయిన పూడ్చి ఎన్నేండ్లాయె! ఇంక ఏం దిగుతది? దిగేదంత దిగింది," అనేవాడు. ఆమె బతికి ఉండగా ముళ్లకంప ముట్టుకునే ధైర్యం మాత్రం చేయలేదు.

ఆ రోజు ఆమె నన్ను తోటలోకి తీసుకెళ్లి రోలు చూపించింది. పోయిన దసరాకు నేను వచ్చినప్పుడు నిబ్బరంగా ఉన్న రోలు ఒకపక్కకు ఒరిగి ఉంది.

"వాన లేదు, నీళ్లు లేవు. అయినా దిగుతుంది," అంది. గొంతు తగ్గించింది, వినే మనిషి పక్కనే ఉన్నట్టు. "కింద బోలు పడ్డది కోడలా. పైన కంకర తాళుకొని ఉన్నది, అంతే. నేనున్నంతసేపు సూస్కుంట. నేను పోయిన్నాడు ఏమైతదో తెలుసా? నాకిష్టమైన జాగని సెప్పి నన్ను గీన్నే పండవెట్టి, సుట్టూత పదిమంది ఆడోళ్లు నిలవడి, తలా ఒక బిందె కుమ్మరిస్తరు."

ఏం మాటలు అత్తమ్మా అని కసిరాను.

"కసురుడు తర్వాత. నువ్వు రావాలె. ఎవ్వలేమన్నా గీడ నీళ్లు పడనియ్యకు. నా కొడుక్కి నేను సెప్తే ముసల్దాని సాదస్తం. సచ్చినంక నువ్వు సెప్తే ఇంటడు." అరచేయి చాచింది. నేను చేతిలో చేయి వేశాను. కంకర మీద ఆనించి ఆనించి గరుకుదేరిన ఆ చేయి ఎండకు వేడిగా ఉంది.

ఆ చేయి తలుచుకుంటూనే మిర్యాలగూడలో కారు దిగాను. వీధి నిండా జనం. మిల్లుల వాళ్లు, కమీషన్ కొట్ల వాళ్లు, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. గేటులోంచి తోట వైపు చూశాను. గుండ్రం ముందు వైపు కిత్తనార నరికేసి దారి చేశారు. బండ ఒకటి పీకి పక్కన పడేశారు. రోలు పక్కనే చెక్కబల్ల వేసి ఉంది. నీళ్లు నింపిన బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. అత్తమ్మ ఇంకా వసారాలోనే ఉంది, పసుపు రాసిన మొహంతో. దండం కూడా పెట్టుకోకుండా నేను గుండ్రం ముందుకు పోయి చేతులు చాచి నిలబడ్డాను.

"గీడ వద్దు. గేటు దగ్గర బండల మీద చేపియ్యుండ్రి," అన్నాను.

అత్తమ్మ తోటికోడలు, ఆ ఇంట్లో ఇప్పుడు అందరికంటే పెద్దది, నా వైపు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఓ యవ్వ! పుట్టింటి పిల్లవు, రెండు సుక్కలు కన్నీళ్లు పెట్టుకొని పక్కకుండాలె గాని గిదేం లొల్లే? శవాన్ని ఇంట్ల పెట్టుకొని పంచాయితీలా?"

"ఇది నా మాట గాదు, ఆమెదే. తన చేతుల నాతోని చేయేయించుకున్నది."

"పోయినోళ్లు వంద అంటరు. గవన్నీ అయితయా?"

బావ వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. నా మీద అరుస్తాడనుకున్నాను. బదులుగా బతిమాలాడు. "మరదలా, నీకు దండం పెడ్త. బతికినన్నొద్దులు గీడ కూసోవెట్టలేకపోయిన. ఒక్కసారన్న..." మాట పూర్తికాలేదు, ఏడ్చేశాడు. ఆ ఏడుపు చూసి నాకూ ఆగలేదు. అయినా కదల్లేదు. నాకు కోపమెక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ కోపమే నన్ను నిలబెట్టింది.

"బావా, రోలు సూడు. సూసి, అప్పుడు నీ ఇష్టం," అన్నాను.

ఆయన చూశాడు. అత్తమ్మ పెట్టించిన కొత్తలో ఆ రోలు మోకాలెత్తు కనిపించేది. ఇప్పుడు కంకర పైన జానెడు ఉంది, అదీ ఒరిగి. చాలాసేపు చూశాడు. తర్వాత తనే బల్ల ఎత్తి గేటు దగ్గరికి మోసుకుపోయాడు. తోటికోడలు గొణుక్కుంటూనే బిందెలు అటు మోయించింది. అక్కడ, బండల మీద, నీళ్లు రోడ్డు మీదికి పోయేచోట అత్తమ్మకు స్నానం చేయించాం. తల మీద నేనూ ఒక బిందె పోశాను. "అయిపోయింది అత్తమ్మా, పో," అని చెవిలో చెప్పాను. అంత తేలిగ్గా అయిపోయిందనుకున్నాను.

మగవాళ్లు ఆమెను తీసుకుని వెళ్లారు. శవం గడప దాటాక ఇల్లు కడగడం మన ఆచారం కదా. నేను లోపల గదిలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. బయట బావ భార్య, తోటికోడలు, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు కొంగులు దోపుకుని వసారా కడుగుతున్నారు. బిందెలతో అయ్యే పని కాదని ఎవరో షెడ్డులో చుట్టిపెట్టిన ఆ గడ్డి పైపు తెచ్చి నల్లాకు తగిలించారట. నాకు వినిపించింది ముందు నీళ్ల చప్పుడు. తర్వాత చప్పుడు మారింది. మిల్లులో హాపర్ తొట్టిలోకి వడ్లు దిగుతున్నప్పుడు వస్తుందే, ఆ జర్రుమనే శబ్దం. సెలవులన్నీ ఆ మిల్లు ఇంట్లో గడిపిన నాకు కొత్త కాదు. కానీ మిల్లు ఇంటికి ఎంతో దూరం.

పరుగెత్తుకొచ్చాను. వసారా మీద నుంచి జారిన నీళ్లు, కిత్తనార నరికిన సందులోంచి, బండ పీకిన ఖాళీలోంచి సరాసరి గుండ్రంలోకి పోతున్నాయి. మడుగు కట్టడం లేదు. పోయినవి పోయినట్టే మాయమవుతున్నాయి. చుట్టూ కంకర నడిమికి జారుతోంది. పొద్దున బల్ల వేసిన చోట, పదిమంది ఆడవాళ్లు నిలబడాల్సిన చోట, నేల లేదు. ఎండిన బూడిద వాసన ఒకటి పైకి వచ్చింది.

"పైపు బంద్ చేయి!" అని అరిచాను. బావ భార్య చేతిలో పైపు అట్లాగే పట్టుకుని కొయ్యబారింది. నేనే పోయి నల్లా కట్టేశాను. తోటికోడలు వసారా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె ఆ సందు పక్కనే నిలబడి కడుగుతోంది. ఒక్క అడుగు అటు వేసి ఉంటే! "అవ్వో, అవ్వో," అంటోంది, ఇంకో మాట రావడం లేదు. నేను పోయి ఆమె కాళ్లు తడిమి చూశాను. పాదాల మీద కంకర దుమ్ము ఉంది.

నీళ్లు ఆగాక కంకర కూడా ఆగింది. రోలు అడుగుభాగం మాత్రం, చిన్న పళ్లెమంత, ఆ గుంతలో కింద కనిపిస్తోంది. శ్మశానం నుంచి తడిబట్టలతో వచ్చిన బావకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. గేటులోనే ఆగిపోయాడు. వీధిలో నిలబడే బట్టలు పిండుకున్నాడు, నీళ్లు లోపల పడకుండా.

మూడోరోజు పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమని సర్వపిండి, పచ్చిపులుసు, పక్కన చిన్న గ్లాసులో టీ. శ్మశానం దగ్గర ఎంతసేపు చూసినా కాకి వాలలేదు. దూరంగా తీగ మీద కూర్చుని అరుస్తాయే గానీ కిందికి రావు. మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని, ఇంటి దగ్గర ఒక విస్తరి పెట్టి చూడమని పెద్దలు అన్నారు. తోటలో దేవగన్నేరు కింద పెట్టాం. అందరం వసారా మీదే నిలబడ్డాం. ఒక కాకి గోడ మీదికి వచ్చింది. విస్తరి వైపు చూసింది, గుంత వైపు చూసింది, అక్కడే ఉండిపోయింది.

బావ మెట్టు దిగి చేతులు జోడించాడు. ఊళ్లో నలుగురి ముందు గొంతు తగ్గించి మాట్లాడి ఎరగని మనిషి, చిన్నగా అన్నాడు. "గడ్డి ఏయనమ్మా. పైపు ఇచ్చేస్త. గీ ముంగటి గదులు ఖాళీ చేసి వెనకకు మారుతం. గోడ గట్టిగుందో లేదో సూపిచ్చి, రాయి తోలిచ్చి, పైదాక నింపిస్త. అప్పటిదాక ఒక్క సుక్క పడనియ్య. ఎవ్వల్ని అడుగు పెట్టనియ్య. నువ్వు పోయినంక తెల్సింది నాకు. నువ్వు తిను."

కాకి ఎగిరి వచ్చింది. విస్తరి మీద వాలలేదు. గుంతలోకి దిగి, రోలు మీద వాలింది. మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. అక్కడి నుంచి గంతేసి పైకి వచ్చి, సర్వపిండి ముక్క ఒకటి నోట కరుచుకుని పోయింది. వసారాలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. తోటికోడలు ఏడుస్తూనే, "ముట్టింది, ముట్టింది," అంది. లోపల వంట సంగతి చూద్దామని ఆడవాళ్లు లేచారు.

బావ మాత్రం లోపలికి రాలేదు. చెప్పులు విప్పి, బండల అంచున వంగి, తల్లి ఆనించినట్టే అరచేయి కంకర మీద ఆనించాడు. ఆయన పక్కనే నేనూ కూర్చున్నాను. వాన లేదు, నీళ్లు లేవు, కాకి ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా గుంత అంచు నుంచి ఒక తెల్లటి కంకర రాయి దొర్లి కిందికి పోయింది. కాసేపాగి, దాని వెనకే ఇంకొకటి.